కన్నీరు లేని రాజ్యము
ఆల్డస్ హక్స్‌లీ జీవితము

చదువవలసిన భాగము: యోహాను 11:28–37

ప్రియులారా, దుఃఖము లేని లోకమును కోరని మనుష్యుడు లేడు. అయితే దుఃఖము పోవుటకై ప్రేమనే తీసివేయుదుమని పాలకులు చెప్పినయెడల మనము ఒప్పుకొందుమా? ఈ ప్రశ్నను కథగా వ్రాసినవాడు ఆల్డస్ హక్స్‌లీ అను ఆంగ్ల రచయిత. ఆయన మన విశ్వాసమును ఒప్పుకొనినవాడు కాడు. అయినను ఆయన జీవితమునుండి మనము నేర్చుకొనదగినది కలదు.

హక్స్‌లీ 1894వ సంవత్సరము జూలై 26వ తేదీన ఇంగ్లండులోని గోడాల్మింగ్ పట్టణమున జన్మించెను. ఆయన తాత థామస్ హెన్రీ హక్స్‌లీ పేరుపొందిన జీవశాస్త్రజ్ఞుడు. తల్లి జూలియా బాలికల పాఠశాలను స్థాపించి నడిపెను. ఆమె 1908లో క్యాన్సరు వ్యాధితో మరణించినప్పుడు ఆల్డస్‌కు 14 ఏండ్లు. 1911లో కండ్లకు జబ్బు వచ్చి, ఏడాదికి పైగా దాదాపు గ్రుడ్డివాడై యుండెను. వ్రేళ్లతో తడవి చదువు బ్రెయిలీ అక్షరములను నేర్చుకొనెను. చూపు కొంత తిరిగి వచ్చెను గాని, వైద్యుడు కావలెనను ఆశను విడువవలసి వచ్చెను. 1914లో అన్న ట్రెవెనెన్ తన ప్రాణమును తానే తీసికొనెను. ఇరువది ఏండ్ల వయస్సునకే ఆల్డస్‌కు ఈ మూడు దెబ్బలు తగిలెను.

ఆయన చదువు మానలేదు. 1916లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మొదటి తరగతిలో ఉత్తీర్ణుడాయెను. యుద్ధ కాలములో బెల్జియము విడిచి ఇంగ్లండునకు వచ్చిన మరియా నీస్‌ను 1919లో వివాహమాడెను. 1925లో భార్యతో కూడ మన దేశమునకును వచ్చి, తాను చూచినదానిని మరుసటి ఏట ఒక ప్రయాణ గ్రంథముగా ప్రకటించెను.

1932లో ఆయన గ్రంథము 'బ్రేవ్ న్యూ వరల్డ్' వెలువడెను. సొగసైన క్రొత్త లోకము అని దాని భావము. ఆ దినములలో యూరపు, అమెరికా దేశములలో లక్షలాది జనులు పనిలేక యుండిరి. ఎట్లయినను లోకము స్థిరపడిన చాలునని అనేకులు తలంచుచుండిరి. హక్స్‌లీ పూర్తిగా స్థిరపడిన లోకమును చూపించెను. అక్కడ శిశువులు తల్లి గర్భమున గాక సీసాలలో పెరుగుదురు. పుట్టకమునుపే వారిని అయిదు తరగతులుగా విభజింతురు. క్రింది తరగతివాడు తన స్థితినే ప్రేమించునట్లు నిద్రలో అతనికి పాఠములు వినిపింతురు. తల్లి అను మాట అక్కడ బూతుమాట. మనస్సు కలత చెందినయెడల మ్రింగుటకు సోమ అను బిళ్ల కలదు. ఆకలి లేదు, యుద్ధము లేదు. ఒకరినే ప్రేమించి, వారికొరకు ఏడ్చువాడును లేడు.

ఆ లోకమునకు బయట, తల్లికి పుట్టి పెరిగిన జాన్ అను యువకుడు ఆ పట్టణమునకు వచ్చును. అతని తల్లి ఆసుపత్రిలో చనిపోవుచుండగా, మరణమునకు అలవాటుపడుటకై చిన్నపిల్లలను అక్కడికి తెచ్చి మిఠాయి పెట్టుదురు. జాన్ మోకాళ్లమీద పడి ఏడ్చును. నర్సుకు మరణమును గూర్చి గాక, ఆ ఏడ్పు పిల్లల శిక్షణను చెరుపునని చింత. తల్లిని పోగొట్టుకొనిన బాలుడు పెద్దవాడై ఈ ఘట్టమును వ్రాసెనని మరువకుడి.

తరువాత ఆ రాజ్యపు అధికారి జాన్‌తో మాటలాడును. అతడు క్రూరుడు కాడు. బైబిలును ఇనుప పెట్టెలో దాచి, తాను మాత్రము చదివినవాడు. గాఢమైన ప్రేమ ఉన్నచోట శోకము, అసూయ, తిరుగుబాటు వచ్చును గనుక, నెమ్మది కొరకు ప్రేమను, సత్యమును, దేవుని విడిచితిమని అతడు చెప్పును. జాన్ ఒప్పుకొనడు. దేవుడును స్వేచ్ఛయు కావలెను, వాటితో కూడ వచ్చు రోగమును వృద్ధాప్యమును సహింతునని నిలుచును. అయితే కడకు ఒంటరివాడై నిరాశతో ప్రాణము తీసికొనును. జాన్‌కు మూడవ మార్గమును చూపకపోవుట లోపమని 1946లో హక్స్‌లీ తానే వ్రాసెను.

1937లో ఆయన అమెరికాకు వెళ్లి అక్కడనే నివసించెను. 1953 మొదలుకొని మత్తు పదార్థములను పరీక్షించి, అవి మనోనేత్రమును తెరచునని వ్రాసెను. సోమ బిళ్లను గూర్చి హెచ్చరించినవాడు ఈ త్రోవ పట్టుట విచారకరము. 1955లో మరియా క్యాన్సరుతో మరణించెను. కడపటి గడియలలో ఆయన ఆమె ప్రక్కను కూర్చుండి, ఆమెమీద చెయ్యి ఉంచి, మెల్లగా మాటలాడుచుండెను. 1961లో ఇల్లు కాలిపోయి, ఆయన కాగితములు, ఉత్తరములు బూడిదయ్యెను. 1963 నవంబరు 22న ఆయన లాస్ ఏంజెలిస్‌లో మరణించెను. క్రైస్తవ రచయిత సి. ఎస్. లూయిస్ చనిపోయినదియు ఆ దినముననే.

ప్రియులారా, కన్నీరు లేకపోవుటకు రెండు మార్గములు కలవు. ప్రేమను చంపినయెడల ఏడ్చువాడు మిగలడు. ఇది ఆ రాజ్యపు మార్గము. బేతనియలో మన ప్రభువు ఏడ్చుచున్నవారిని మందలింపక, తానును వారితో ఏడ్చి, పిమ్మట సమాధియొద్దకు నడిచెను. హక్స్‌లీ వెదకిన మూడవ మార్గము ఇదేయని నేను నమ్ముచున్నాను.

కాబట్టి సంఘములో ఒకని నోరు మూయించి, గొడవ లేదు గనుక సమాధానముగా ఉన్నామని అనుకొనకుడి. చావు జరిగిన ఇంటికి వెళ్లునప్పుడు ఏడువవద్దని తొందరపెట్టకుడి. వారి ప్రక్కను కూర్చుండుడి.