క్రీడాగురువు రహీం

బాస్కెట్‌బాల్ నేర్చుకొనేవారికి తొలి దినాలలోనే లే-అప్ అభ్యాసం చేయిస్తారు. బంతితో ముందుకు సాగి, రెండడుగులు వేసి, పైకెగిరి, బంతిని బోర్డుకు తాకించి వలలో పడవేయడమే లే-అప్. కుడివాటం గలవారికి కుడివైపు నుండి కుడిచేతితో ఇది త్వరలోనే అలవడుతుంది. ఎడమవైపు నుండి ఎడమచేతితో చేయవలసి వచ్చినప్పుడు అడుగు తడబడుతుంది, గురి తప్పుతుంది. నలుగురూ నవ్వుతారని మళ్ళీ కుడిచేతినే ఆశ్రయించేవారు ఎక్కువ. నవ్వులను లెక్కచేయక ఆ ఎడమచేతికే ఎక్కువ పని కల్పించినవాడు మంచి ఆటగాడవుతాడు. ఈ సత్యాన్ని ఫుట్‌బాల్ మైదానంలో ఆచరణలో పెట్టి, భారత జట్టును రెండుసార్లు ఆసియా విజేతగా నిలిపిన హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆ విశ్వవిద్యాలయ జట్టులో ఆడారు. పట్టభద్రులైన పిదప నగరంలోని పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. వ్యాయామ విద్యలోనూ శిక్షణ పొందారు. బోధన ఆయనకు వృత్తి, ఫుట్‌బాల్ ఆయనకు ప్రాణం. ఆ రెండూ కలిసిన చోట ఒక గొప్ప శిక్షకుడు రూపొందాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకొన్నది.

ఆ రోజులలో బంతిని కాలికి అంటిపెట్టుకొని, ఒకరి తరువాత ఒకరిని తప్పించుకుంటూ ఒంటరిగా పరుగెత్తే ఆటగాడినే జనం మెచ్చుకొనేవారు. రహీం దృష్టి వేరు. బంతిని ఎక్కువసేపు నిలుపుకొంటే ప్రత్యర్థులు సర్దుకొంటారని, తోటివానికి వెంటనే అందిస్తే వారికి ఆ వ్యవధి దొరకదని ఆయన గ్రహించారు. అందుకే బంతిని ఒంటరిగా నడిపించరాదనే నిబంధనతో పోటీలు జరిపించారు. ఒక కాలితో మాత్రమే తన్నగల ఆటగాణ్ణి ఆ పక్కనే అడ్డుకోవచ్చు. అందువలన బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను కూడా ఏర్పాటు చేశారు. లోపాన్ని దాచుకొనే అవకాశం లేనప్పుడు దానిని దిద్దుకోక తప్పదు కదా!

ప్రతిభ కనబడితే పేదరికం దానికి అడ్డు కాకుండా చూడడం ఆయన స్వభావం. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అభ్యాసానికి రావడానికి దారిఖర్చులు లేని యువకుడు. అద్దె సైకిలు కోసం రహీం అతనికి రోజుకొక రూపాయి ఇచ్చేవారు. ఆ యువకుడే తరువాత దేశం గర్వించదగిన ఆటగాడైనాడు.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో రహీం శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణపతకం సాధించింది. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్స్‌లో గట్టి దెబ్బ తగిలింది. చాలామంది బూట్లు లేకుండా ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడింది. రహీం ఆ పరాజయాన్ని పాఠంగా స్వీకరించారు. ఐరోపా జట్ల, ముఖ్యంగా హంగేరీ జట్టు ఆటతీరును పరిశీలించి మన వ్యూహాలను మార్చారు. ఫలితంగా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆ పోటీలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. భారత జట్టు చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఆయన జీవితంలో చివరి మహాపరీక్ష. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి ఎదురైంది. తరువాత రక్షణశ్రేణిలోని జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతనిని పక్కన పెట్టలేదు. స్థానం మార్చి ముందువరుసలో నిలిపారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియాయే ప్రత్యర్థి. ప్రేక్షకులు మన జట్టుకు ప్రతికూలంగా కేకలు వేస్తున్నా పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు చేశారు. భారత్ 2-1తో గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు లభించిన స్వర్ణాలు ఆ రెండే. రెండింటి వెనుకా రహీం ఉన్నారు.

ఆ విజయం తరువాత ఏడాదైనా గడవక ముందే, 1963 జూన్ 11న, క్యాన్సర్ వ్యాధి ఆయనను బలిగొన్నది. అప్పటికి ఆయన వయస్సు యాభైమూడేళ్ళు మాత్రమే.

రహీం విద్యకు ఖరీదైన సాధనాలు అవసరం లేదు. పెద్దవంగర వంటి ఊరిలో చదువుకొనే విద్యార్థికైనా సాయంకాలం ఒక బంతి, ఒక వల చాలు. చేతకాని చేతితో, తడబడే కాలితో మొదలుపెట్టే ధైర్యం మాత్రం ఎవరికి వారే తెచ్చుకోవాలి.