కొండపై నృసింహ జయంతి: మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ చరిత్ర

వైశాఖ శుద్ధ చతుర్దశి నృసింహ జయంతి. పగలెల్ల ఉపవసించి, ప్రదోషవేళ స్వామిని అర్చించి, పానకము వడపప్పు నివేదించుట మన యిండ్లలో ఆచారము. నరసింహుడే ఊరి దైవమైన చోట ఆ దినమెంతటి పండుగయో చెప్పనక్కరలేదు. అట్టి గ్రామములలో తరిగొండ యొకటి. గుఱ్ఱంకొండ సీమలో, వాయల్పాటికి చేరువనున్న ఆ పల్లెలో 1730వ సంవత్సరమున కానాల కృష్ణయామాత్యునికిని మంగమాంబకును ఒక కుమార్తె జన్మించెను. వేంకటేశ్వరుని వేడుకొనగా కలిగిన సంతానమగుటచే ఆమెకు వెంగమాంబ యని పేరిడిరని చెప్పుదురు. ఆమె జయంతిని నృసింహ జయంతినాడే జరుపుట సంప్రదాయమైనది. పుట్టిన దినమే ఊరి దేవుని దినము. ఆ ఊరే ఆమెకు కాకపోయినది. ఇక ఆ పండుగను ఆమె యెక్కడ జరుపుకొన్నది, ఎవరితో జరుపుకొన్నది అనునదియే ఈ వ్యాసమునకు విషయము.

తరిగొండ అను పేరు తరికుండ నుండి వచ్చినదని స్థలపురాణము. ఒక గృహిణి పెరుగు చిలుకుచుండగా కవ్వమునకు కుండలో ఏదో అడ్డుపడెనట. చూడగా అది నరసింహస్వామి శిల. తరి యనగా చిలుకుట గావున ఈ వ్యుత్పత్తి అందముగనే యున్నది. వంటయింటి కుండలో వెలసిన దేవుడు ఆడువారికి చేరువవాడనియే ఎవరైనను అనుకొందురు. వెంగమాంబయు చిన్ననాట అట్లే అనుకొని యుండును. ఆటపాటలు మాని గుడిలో కూర్చుండెడిది, తనలో తాను పాడుకొనెడిది. పిల్లకు మతి తప్పినదని ఇరుగుపొరుగు అనుకొనిరి. పెండ్లి చేసినచో కుదురుకొనునని తల్లిదండ్రులు నారుగుంట గ్రామస్థుడగు ఇంజేటి వేంకటాచలపతి కిచ్చి బాల్యముననే వివాహము చేసిరి. ఆమె కాపురము చేయకమునుపే అతడు కాలధర్మము నొందెను.

ఆ కాలమున భర్తను పోగొట్టుకొన్న స్త్రీకి పండుగ యనగా ఏమో నేటి పిల్లలకు తెలియకపోవచ్చును. పండుగనాడు ఆమెకు వంటయింటి పని. తెల్లవారుజామున లేచి పిండివంటలు చేయవలెను, అందరు తినినపిదప మిగిలినది తినవలెను. శ్రావణమాసమున వాయనములకు పిలుపు లేదు. సంక్రాంతి పేరంటాండ్రు వచ్చువేళ గడపలో కనబడరాదు. పెండ్లివారు బయలుదేరునప్పుడు ఎదురురారాదు. ఏడాది పొడవున ఇంటిలో కలసిమెలసి తిరుగు మనిషియే పండుగ వచ్చుసరికి చాటునకు పోవలసివచ్చెడిది. తక్కిన దినములలో పనుల సందడిలో మఱుగుపడియుండు దూరము ఆ ఒక్క దినమున అందరికిని కనబడును, ఆమెకు మఱియు కనబడును. ఇదంతయు శాస్త్రము పేర జరిగినది. శాస్త్రములు విధవాధర్మములను చెప్పినమాట నిజమే. కాని వానిలో జపము, ఉపవాసము, భగవదారాధనము ముఖ్యములు. ఇంటి ఆడపడుచు ఉసురు పోసుకొనుమని ఏ స్మృతియు చెప్పలేదు.

వెంగమాంబ బొట్టు తుడుచుకొనలేదు, గాజులు తీయలేదు, కేశములు తీయించుకొన నొల్లలేదు. తన భర్త వేంకటేశ్వరుడే యనియు, ఆయనకు మరణము లేదు గనుక తనకు వైధవ్యము లేదనియు ఆమె నిశ్చయము. మన సంప్రదాయమున ఆండాళమ్మవారు చేసిన నిశ్చయమే యిది. అయితే శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారు తండ్రియై కొమ్ముకాచెను. ఇక్కడ తండ్రి మంచివాడే గాని ఊరి నోటికి వెఱచినవాడు. ఊరివారు పుష్పగిరి పీఠాధిపతులకు మొఱపెట్టుకొనిరి. స్వామివారు మదనపల్లెకు వేంచేసినప్పుడు ఆమెను పిలిపించి నమస్కరింపుమనిరట. ఆమె వారిని ఆసనము నుండి లేవుమని ప్రార్థించి, ఖాళీయైన ఆసనమునకు మ్రొక్కగా అది భగ్గుమని మండెనని కథ. దీనిని ఎవరి విశ్వాసము కొలది వారు గ్రహింతురు. ఆ తరువాతి సంగతియే నాకు ముఖ్యముగా తోచును. ఊరి నోళ్లు మూతపడినవి గాని తలుపులు తెరువబడలేదు. మహిమగల స్త్రీ యని భయపడుట వేఱు, రమ్మని పీట వేయుట వేఱు.

తండ్రి చేసిన మేలొకటి యున్నది. మదనపల్లెలోని రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రి గారి చెంతకు కుమార్తెను చేర్చెను. ఆయన ఆమెకు యోగమార్గమును ఉపదేశించెను. తాను ఒజ్జల యొద్ద ఓనమాలైనను దిద్దుకొనలేదని ఆమె తన కావ్యావతారికలో చెప్పుకొన్నది. అట్టి స్త్రీ ఛందోబద్ధముగా శతకమును, యక్షగానములను, కావ్యములను రచించుట గురుకటాక్షము, దైవకటాక్షము గాక మఱేమి? మేము పాఠశాలలో పన్నెండేండ్లు అమరము, రఘువంశము వల్లించియు ఒక సీసపద్యమునకు తడుముకొన్నవారము!

పిమ్మట ఆమె తరిగొండ నరసింహుని ఆలయములో ఆంజనేయస్వామి విగ్రహమునకు వెనుక, ఎవరికిని కనబడని తావున కూర్చుండి ధ్యానము చేయుచుండెను. ఇంటిలో చోటు లేనివారికి గుడి గదా దిక్కు. అక్కడను నిలువనీయలేదు. అర్చకుడు ఆమెను చూచి ఆగ్రహించి, అవమానించి వెలుపలికి నెట్టెనని చరిత్రకారులు చెప్పుదురు. పుట్టినింట సుఖము లేదు, అత్తవారిల్లు లేనేలేదు, ఊరి గుడి వాకిలి మూసికొనినది. ఆమె తరిగొండను విడిచి తిరుమలకు ప్రయాణమయ్యెను.

కొండమీద హాథీరాంజీ మఠమువారును తాళ్ళపాక వంశీయులును ఆమెను ఆదరించి నివాసము చూపిరందురు. స్వామికి ప్రతిరాత్రి హారతి యిచ్చుకొనుచు, కావ్యములు వ్రాసికొనుచు ఆమె కాలము గడుపసాగెను. అంతటితో కష్టములు తీరెనని తలపరాదు. పొరుగింటివారు ఎంగిలి విస్తళ్లు ఆమె పెరటిలో పడవేయుచుండిరట. ఆ బాధ పడలేక ఆమె పాపనాశనము దాటి దట్టమైన అడవిలోనున్న తుంబురుతీర్థమునకు పోయి అక్కడి గుహలో ఏండ్ల తరబడి తపస్సు చేసెను. ప్రతిరాత్రి ఒక బిలమార్గమున ఆలయమునకు వచ్చి స్వామికి ముత్యములతో హారతి యిచ్చెడిదనియు, తెల్లవారి గర్భాలయములో ముత్యములు కనబడుచుండగా అర్చకులు విస్మయము చెందిరనియు ఐతిహ్యము. కడకు పెద్దలు ఆమెను బతిమాలి కొండమీదికి మరల తోడ్కొని వచ్చిరి.

ఇక అసలు సంగతి. తిరుమలకు తన్ను వెంబడించి వచ్చినవారెవరును లేరు. అయినను ఆమె ఒకటి మాత్రము తరిగొండ నుండి తెచ్చుకొన్నది, అది నృసింహ జయంతి. కొండపైన శ్రీవారికి ఉత్సవములకు కొదవ లేదు. ఎవరి యింటి పండుగయో పట్టించుకొనక, శ్రీవారి ఉత్సవములలో ఒక మూల నిలిచి చూచినను కాలము గడచిపోయెడిదే. ఆమె అట్లు చేయలేదు. తన పుట్టినూరి దేవుని పండుగను తానే పూనుకొని కొండమీద జరిపెను. ఆ సందర్భమున వచ్చిన యాత్రికులకెల్ల అన్నము పెట్టెను.

వైశాఖమాసపు ఎండలు ఎట్టివో సీమవారికి తెలియును. మొదటి ఘాటురోడ్డు 1944లో గాని రాలేదు. నాడు అలిపిరి నుండి మెట్లెక్కి, మోకాళ్ళ పర్వతము దాటి, నోరు పిడచకట్టుకొని యాత్రికులు పైకి చేరుచుండిరి. బియ్యము, పప్పు, చింతపండు సమస్తమును మనుష్యులు మోసికొని ఎక్కవలసినదే. అట్టి దినములలో ఒంటరి స్త్రీ అన్నసంతర్పణము తలపెట్టుట సామాన్యము గాదు. జమీందారులు, ధనికులు ఆమె సత్సంకల్పము నెఱిగి ధనధాన్యముల నిచ్చిరి, దానపత్రములు వ్రాసియిచ్చిరి. కడపటి గ్రామమున తన విస్తరి దూరముగా వేయించుకొన్న స్త్రీ, ఇక్కడ వందల విస్తళ్లు పరపించెను. ఎంగిలాకులు పడవేయించుకొన్న పెరటిలోనే పాయసము ఉడికి యుండును గదా యని తలచినప్పుడు నాకు మనసు నిండును.

ఆమె వారిపై కక్షతో ఇది చేసెననుటకు ఆధారమేదియు కానరాదు. ఆమె రచనలను చూచినచో ఆ సంగతి మఱింత తెలియును. తరిగొండ నృసింహ శతకము, శివనాటకము, రాజయోగామృతసారము తొలినాటివి. భాగవతము, విష్ణుపారిజాతము, వేంకటాచలమాహాత్మ్యము, జలక్రీడావిలాసము, ముక్తికాంతావిలాసము మొదలగునవి కొండపై వ్రాసినవి. తొలినాటివైనను మలినాటివైనను ముద్ర యొక్కటే. ఎదుట కొలుచుచున్నది వేంకటేశ్వరుని, పిలుచుట మాత్రము తరిగొండ నృసింహుని. తన్ను గుడి నుండి వెడలించిన ఊరి పేరును విడువక, ఆ నరసింహుడే ఈ వేంకటపతి యని రెండు కొండలను ఒకటి చేసినది. ఆ ఊరి పేరు తలచుటకే మనసొప్పనివారై యుండిన మనబోంట్లు మఱియొక ముద్ర వెదకికొందుము. ఊరివారు వేఱు, ఊరి దేవుడు వేఱు అను వివేకము ఆమెకుండెను. అందుచేతనే పండుగ ఆమెకు దక్కినది.

ఈ మాట వ్రాయుటకు కారణము కలదు. ఉత్సవదినములలో క్షేత్రములకు వచ్చి సత్రములలో దిగువారిలో ఒంటరివారు కొందఱుందురు. భక్తి చేతనే వచ్చితిమందురు, అది అబద్ధము గాదు. కాని ఆ పండుగనాడు ఇంటిలో ఉండలేక వచ్చినవారును వారిలో ఉందురు. కొడుకులతో మాటలు లేని తల్లిదండ్రులు, అన్నదమ్ములతో వ్యాజ్యము పడినవారు, కులము కాని వివాహము చేసికొని పుట్టింటి గడప తొక్కనివారు. పిలువని యింటికి పోయి గుమ్మమున నిలుచుట యొక దుఃఖము, పండుగే వద్దని దీపము పెట్టక పడుకొనుట మఱియొక దుఃఖము. వెంగమాంబ ఆ రెంటిలో దేనిని చేయలేదు. తల్లి చేసిన పానకమునే తాను కలిపెను, త్రాగుటకు దాహముతో వచ్చినవారిని పిలిచెను. అంతమాత్రమున పుట్టింటి తలపు ఆమెకు లేకపోయెనని చెప్పుటకు మనమెవరము? ముద్రలో ఊరి పేరు కడవఱకు నిలిచియున్నది గదా.

1817వ సంవత్సరము, ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమినాడు ఆమె తిరుమలయందే సిద్ధి పొందెను. ఆమె బృందావనము తిరుమల ఉన్నత పాఠశాల ఆవరణములో నున్నది. నృసింహ జయంతినాడును శ్రావణ శుద్ధ నవమినాడును దేవస్థానమువారు ఆమెకు ఉత్సవములు జరుపుదురు. బృందావన దర్శనము చేయువారు తక్కువ, పిల్లలు బడికి పోవుదారియే గనుక కష్టము లేదు, యాత్రికులు ఈసారి వెళ్ళి చూడవలెను.

1985లో దేవస్థానమువారు నిత్యాన్నదాన పథకమును ఆరంభించిరి. 2011లో ప్రారంభమైన అన్నప్రసాద భవనమునకు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిరి. అక్కడ ఎవరి పక్కన ఎవరు కూర్చుండవలెనని అడుగువారు లేరు, వచ్చినవారు వచ్చినట్లు బారులుగా కూర్చుందురు. రాత్రి ఏకాంతసేవలో స్వామిని ఉయ్యాలపై పవళింపజేసి తాళ్ళపాకవారి లాలి పాడినపిదప, ముత్యములు నిలిపిన పళ్ళెరములో తరిగొండవారి హారతి యిత్తురు. అటుపిమ్మట ఆలయ ద్వారములు మూయుదురు.