హంతకుడు పట్టిన ఎడారి దారి – పునీత నల్ల మోషేవారు

ఆగస్టు 28వ తేదీ అనగానే మీకు పునీత అగుస్తీనువారు గుర్తుకు వస్తారు. ఆనాటి దివ్యపూజలో మనం స్మరించుకునేది వారినే. అయితే అదే తేదీన శ్రీసభ పునీతుల పట్టికలో మరొక పేరు కూడా ఉంది. ఆయన గొప్ప గ్రంథాలు రాసినవారు కారు. ఒకప్పుడు దొంగల ముఠాకు నాయకుడు. కత్తి పళ్ల మధ్య కరచుకుని ఒక అమాయకుణ్ణి చంపడానికి బయలుదేరినవాడు. ఆయనే 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో జీవించిన పునీత నల్ల మోషేవారు.

ఈయన కథను మనకు అందించినవారిలో ముఖ్యులు పల్లాదియుస్‌గారు. వారు ఐగుప్తు ఎడారిలో మఠవాసుల నడుమ ఏళ్ల తరబడి గడిపి, తరువాత పీఠాధిపతియై, సుమారు 420వ సంవత్సరంలో తాము చూసిన, విన్న మునుల జీవితాలను గ్రంథస్థం చేశారు. సోజోమెన్ అనే చరిత్రకారుడు కూడా తన శ్రీసభ చరిత్రలో మోషే సంగతి రాశారు. ఎడారి పితరుల మాటలను, చేతలను కూర్చిన పాత సంకలనాలలోనూ ఈయనకు చోటుంది. వీరెవరూ ఆయన గతాన్ని దాచిపెట్టలేదు. గొయ్యి ఎంత లోతో చెప్పకపోతే అందులోనుంచి పైకి లాగిన చెయ్యి ఎంత బలమైనదో తెలియదు గదా!

మోషే ఇథియోపియా జాతివాడు, నల్లనివాడు, మహా బలశాలి. ఒక ప్రభుత్వాధికారి ఇంట దాసుడుగా ఉండేవాడు. అతని దొంగతనాలను, దుష్ప్రవర్తనను భరించలేక యజమాని ఇంటినుంచి వెళ్లగొట్టాడు. నిలువ నీడ లేనివాడు దారిదోపిడీగాళ్లలో చేరాడు. కొద్దికాలానికే వారికి నాయకుడయ్యాడు. దోపిడీలతో ఆగలేదు, హత్యలూ చేశాడని ఆ చరిత్రకారులు రాశారు.

అతని పగ ఎటువంటిదో ఒక్క ఉదంతం చాలు. ఒక రాత్రి అతడు దొంగతనానికి పోతే, ఒక గొర్రెలకాపరి కుక్క మొరిగి ఆ పని చెడగొట్టింది. అంతే, ఆ కాపరిని చంపి తీరాలని పట్టుబట్టాడు. కాపరి నైలునదికి ఆవలి ఒడ్డున ఉన్నాడని తెలిసింది. నది వరదమీద ఉంది. దాదాపు మైలు వెడల్పున పారుతోంది. మోషే బట్టలు నెత్తిన కట్టుకుని, కత్తి పళ్ల మధ్య పట్టుకుని, ఆ వరదలో ఈదాడు. అతడు వస్తుండగా చూసిన కాపరి ఇసుకలో గుంట తీసి దాక్కుని ప్రాణం దక్కించుకున్నాడు. మనిషి చిక్కలేదని మోషే మందలో మేలైన నాలుగు పొట్టేళ్లను కోసి, తాటికి కట్టి, వాటిని లాక్కుంటూ మళ్లీ నది ఈదాడు. మంచి మాంసం తిన్నాడు. తోళ్లు అమ్మి సారాయం తాగాడు. ఆపైన యాభై మైళ్లు నడిచి తన ముఠాను చేరుకున్నాడు. ఒక కుక్క మొరిగినందుకు ఇదంతా! కోపం మనిషిని ఎంతదూరం ఈదిస్తుందో చూశారా?

చాలాకాలం ఇలా సాగిన తరువాత ఒక సంఘటన అతని మనస్సాక్షిని గుచ్చింది. ఎంతోమందిని గడగడలాడించిన మనిషికి తనను చూస్తే తనకే భయం పుట్టింది. తన రోగానికి మందు ఎవరి దగ్గర ఉంటుంది? ఆ కాలంలో ఐగుప్తులో దీనికి ఒకటే జవాబు. ఎడారిలోని పెద్దల దగ్గర.

ఆ ఎడారి పేరు స్కేతిస్. నైలునది పడమటి దిక్కున, నేటి కైరో నగరానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దిగువన ఉండే పల్లం అది. దానిని నేడు వాది నత్రూన్ అంటారు. ఆ రోజుల్లో ఉప్పు మడుగులు, సవిటి నేల తప్ప చూడటానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. పూర్వం ఐగుప్తువారు మృతదేహాలు పాడవకుండా ఉండటానికి వాడిన సవిటి ఉప్పు అక్కడ దొరికేదే. సుమారు 330లో మకారియుస్‌వారు అక్కడికి వెళ్లి తపస్సు ఆరంభించారు. క్రమంగా ఆయన చుట్టూ ఎందరో మునులు చేరారు. అక్కడికి బాట ఉండేది కాదు. దగ్గరలోని నిత్రియా మఠాల నుంచి ఒక పగలు, ఒక రాత్రి నడవాలి. నక్షత్రాలను గుర్తులుగా పెట్టుకుని నడిచేవారని, దారి తప్పితే ప్రాణానికే ముప్పని ఆనాటి యాత్రికులు రాసిపెట్టారు.

అక్కడి పెద్దలు పుస్తకాలు ముందు పెట్టుకుని పాఠాలు చెప్పేవారు కారు. చాపలు, బుట్టలు అల్లుకుంటూ, కీర్తనలు వల్లించుకుంటూ బ్రతికేవారు. వచ్చినవాడు ఒక మాట చెప్పమని అడిగేవాడు. పెద్దాయన ఒక మాట చెప్పేవాడు, లేదా మౌనంగా ఉండేవాడు. ఆ మాటను వచ్చినవాడు ఏళ్ల తరబడి బ్రతికి చూసుకోవాలి. మోషే అటువంటి విద్య కోసం మఠం తలుపు తట్టాడు. ఈసారి అతని చేతిలో కత్తి లేదు.

కత్తి వదిలినంత మాత్రాన కథ ముగిసిందనుకుంటున్నారా? అసలు ప్రమాదం అక్కడే మొదలైంది. ఎడారిలో మోషేవారిని పాత కోరికలు చుట్టుముట్టాయి. తాను తిరిగిన పాపపు జీవితమే రాత్రింబగళ్లు కళ్లముందు ఆడేది. తట్టుకోలేక స్కేతిస్ గురువైన ఇసిదోరువారి దగ్గరకు పరుగెత్తారు. తన గదికి తిరిగి వెళ్లలేనని మొరపెట్టుకున్నారు. ఇసిదోరువారు ఆయనను కసురుకోలేదు. మేడమీదకు తీసుకుపోయి, ముందు పడమటి దిక్కు చూపించారు. అక్కడ పోరుకు సిద్ధమై కేకలు వేస్తున్న పిశాచాల మూక కనిపించింది. తరువాత తూర్పు దిక్కు చూపించారు. అక్కడ వెలుగుతో నిండిన దేవదూతల సమూహం కనిపించింది. మన పక్షాన ఉన్నవారే ఎక్కువమంది అని పెద్దాయన ఆయనకు ధైర్యం చెప్పారు. మోషేవారు తన గదికి తిరిగి వెళ్లారు.

అయినా పోరాటం ఏళ్ల తరబడి సాగింది. రోజుకు 12 ఔన్సుల ఎండు రొట్టె తిని, ఒళ్లు హూనమయ్యేలా పనిచేసి, యాభై సార్లు ప్రార్థన చేసేవారు. ఆరేళ్లపాటు రాత్రులు పడుకోకుండా గది మధ్యన నిలబడి ప్రార్థించారు. అప్పటికీ మనసు లొంగలేదు. అప్పుడు ఒక కొత్త పని పెట్టుకున్నారు. రాత్రివేళ ఎవరికీ తెలియకుండా బయలుదేరి, నీళ్లు మోసుకునే ఓపిక లేని ముసలి మునుల గదుల దగ్గర ఉన్న కుండలు తీసుకుపోయి, నీళ్లు నింపి తెచ్చి పెట్టేవారు. ఆ ఎడారిలో నీళ్లు దగ్గరలో దొరకవు. కొందరికి అర మైలు, కొందరికి రెండు మైళ్లు, మరికొందరికి ఐదు మైళ్లు. పొట్టేళ్లను లాక్కుంటూ వరద నది ఈదిన భుజాలు ఇప్పుడు ముసలివారి కుండలు మోశాయి. దేవుడు ఆయన బలాన్ని తీసివేయలేదు. దానికి వేరే పని చూపించాడు, అంతే.

ఒక రాత్రి బావి దగ్గర నీళ్లకోసం వంగినప్పుడు పిశాచం దుడ్డుకర్రతో నడుముమీద కొట్టిందని, చచ్చినవాడిలా పడి ఉండగా మరునాడు చూశారని, ఏడాదిపాటు మంచాన పడ్డారని పల్లాదియుస్‌గారు రాశారు. ఇసిదోరువారు వచ్చి, ఇక పిశాచాలతో పంతానికి పోవద్దని, తపస్సుకు కూడా ఒక హద్దు ఉందని బోధించారు. తన సొంత బలంతో గెలిచాననే గర్వం రాకుండా ఉండటానికే దేవుడు ఇంతకాలం పోరాడనిచ్చాడని తెలియజెప్పారు. ఆ మాటతో మోషేవారికి నెమ్మది దొరికింది. ఇంతదూరం వచ్చి వెదికిన జ్ఞానంలో ఇది మొదటి పాఠం: నన్ను రక్షించేది నా కండబలం కాదు.

ఒకసారి నలుగురు దొంగలు ఆయన ఎవరో తెలియక ఆయన గదిమీద పడ్డారు. మోషేవారు నలుగురినీ కట్టి, గడ్డిమోపులా వీపున వేసుకుని దేవాలయానికి మోసుకుపోయారు. ఎవరికీ హాని చేసే అధికారం తనకు ఇప్పుడు లేదు గనుక వీరిని ఏమి చేయాలో చెప్పండని సహోదరులను అడిగారు. ఆయన ఆ పేరుమోసిన మోషేయేనని తెలుసుకున్న ఆ నలుగురూ తమ పాపాలు ఒప్పుకుని, ఆయనలాగే మఠవాసులయ్యారు.

తరువాత మోషేవారు గురుపట్టం పొందారు. అగ్రపీఠాధిపతి ఆయనకు తెల్లని వస్త్రం తొడిగి, ఇప్పుడు పూర్తిగా తెల్లగా అయ్యావన్నారు. పైకి సరే, లోపల సంగతి ఏమిటని మోషేవారు అడిగారు. ఆయన వినయాన్ని పరీక్షించాలని, పీఠం దగ్గరకు రాగానే ఆయనను తరిమివేయమని అగ్రపీఠాధిపతి గురువులకు చెప్పారు. వారు ఆయన జాతిని ఎత్తిచూపి బయటకు పంపారు. మోషేవారు ఎదురు మాట్లాడలేదు. తనకు తగినదే జరిగిందని తనలో తాను అనుకుంటూ వెళ్లిపోయారు. ఈ కథ విని మనం మోషేవారి వినయాన్ని మెచ్చుకుంటాం, మంచిదే. కాని, ప్రియ పాఠకులారా, ఒక మనిషిని నొప్పించడానికి వారి చేతికి అందిన రాయి ఏమిటో గమనించండి. ఒంటి రంగు, పుట్టిన జాతి. మన విచారణల్లో ఆ రాయిని పారవేశామా? పెళ్లి సంబంధం చూసేటప్పుడు, గుడిలో పక్కన కూర్చునేటప్పుడు, సమాధుల తోటలో చోటు చూపించేటప్పుడు మన చేతిలో ఏముంది?

మోషేవారి పేరు నిలిపిన ఉదంతం మరొకటి. స్కేతిస్‌లో ఒక సహోదరుడు తప్పు చేశాడు. పెద్దలు తీర్పు తీర్చడానికి కూడారు. మోషేవారు వెళ్లలేదు. అందరూ ఎదురుచూస్తున్నారని గురువు కబురు పంపితే, కారే కుండ ఒకదాన్ని నీళ్లతో నింపి, మోసుకుంటూ బయలుదేరారు. ఎదురువచ్చినవారు ఇదేమిటని అడిగారు. నా పాపాలు నా వెనుక ఇలాగే కారిపోతున్నాయి, నాకు కనబడటం లేదు, అటువంటి నేను ఈవేళ మరొకరి తప్పుకు తీర్పు చెప్పడానికి వస్తున్నానని ఆయన భావం. ఆ కుండను చూసిన పెద్దలు ఆ సహోదరుణ్ణి ఇంకేమీ అడగలేదు, క్షమించి పంపారు. ఎడారి పితరుల జ్ఞానమంతా ఆ కారే కుండలో ఉంది.

కఠినమైన తపస్సు చేసిన ఈయన ఇతరులపట్ల కఠినుడు కారు. ఒక వారం అందరూ ఉపవాసం ఉండాలని స్కేతిస్‌లో కట్టడ చేశారు. ఆ వారమే దూరంనుంచి అతిథులు వచ్చారు. మోషేవారు పొయ్యి వెలిగించి వారికి వంట చేశారు. పొగ చూసిన పొరుగువారు గురువులకు ఫిర్యాదు చేశారు. శనివారం అందరూ కూడినప్పుడు గురువులు ఆయనను తప్పుపట్టలేదు. మనుషులు పెట్టిన కట్టడను తప్పినా దైవాజ్ఞను నిలిపారని అందరి ఎదుటా మెచ్చుకున్నారు.

ఇక ఆయన చివరి రోజులు. ఆయనకు డెబ్బై ఐదేళ్లు, చుట్టూ డెబ్బైమంది శిష్యులు. సుమారు 405లో ఎడారి దొంగల దండు స్కేతిస్ మీదకు వస్తోందని తెలిసింది. మోషేవారు సహోదరులకు పారిపొమ్మని చెప్పారు. తాను మాత్రం కదలనన్నారు. కత్తి పట్టినవాడు కత్తితోనే పోతాడన్న ప్రభువు మాట తన విషయంలో నెరవేరే రోజు కోసం ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్నానని తెలిపారు. ఆయనతోపాటు ఉండిపోయిన కొందరిలో ఒకరు చాపల చుట్ట వెనుక దాక్కుని బ్రతికారు. మోషేవారితో కలిపి ఏడుగురు హతులయ్యారు. ఏడు కిరీటాలు దిగివచ్చి వారిని అలంకరించడం ఆ దాక్కున్న సహోదరుడు చూశాడని చెబుతారు. నలుగురు దొంగలను వీపున మోసిన మనిషి ఆ రోజు చెయ్యి ఎత్తలేదు. ఆయన భౌతికావశేషాలు వాది నత్రూన్‌లోని బరమూస్ మఠంలో ఉన్నాయి. వాటితోపాటే ఆయన గురువైన ఇసిదోరువారి అవశేషాలనూ గౌరవంతో కాపాడుతున్నారు.

ప్రియమైన కుటుంబీకులారా, మీ విచారణలో కూడా ఒక మోషే ఉండవచ్చు. జైలు శిక్ష ముగించుకుని ఊరికి వచ్చినవాడు, తాగుడు మానాలని తంటాలు పడుతున్నవాడు, ఒకప్పుడు కత్తులు పట్టి తిరిగి ఇప్పుడు తలవంచుకుని గుడి గుమ్మం దగ్గరే నిలబడిపోయేవాడు. అతడు లోపలికి రావాలా, గుమ్మం నుంచే వెనుదిరగాలా అన్నది చాలావరకు మన చూపులమీద ఆధారపడి ఉంటుంది. స్కేతిస్ పెద్దలు మోషేవారిని చూసి తలుపు వేసుకుని ఉంటే శ్రీసభకు ఈ పునీతుడు దక్కేవారు కాదు. అతనివల్ల నష్టపోయిన కుటుంబం కూడా మీ మధ్యనే ఉండవచ్చు. వారి కన్నీళ్లను మరువమని ఎవరూ చెప్పరు. మోషేవారు కూడా తన చేతి రక్తాన్ని కడవరకు మరువలేదు.

ఈ ఏడాది ఆగస్టు 28న అగుస్తీనువారితోపాటు ఈ ఎడారి మునినీ తలచుకోండి. ఆ సాయంత్రం జపమాలలో ఒక పరలోక జపం చెరసాలల్లో ఉన్నవారి కోసం, ఒక మంగళవార్త జపం వారి చేతిలో నష్టపోయినవారి కోసం చెప్పండి. ఆ తరువాత ఎవరి తప్పు గురించైనా మాట్లాడబోయేముందు, ఒక్కసారి వెనుదిరిగి మన కుండ ఎక్కడ కారుతోందో చూసుకుందాం.