జాన్ అగస్టస్

జాన్ అగస్టస్ (1785 - జూన్ 21, 1859) అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని బోస్టన్ నగరానికి చెందిన బూట్ల తయారీదారు, సంఘసేవకుడు. త్రాగుడు నేరంపై న్యాయస్థానానికి వచ్చినవారికి తాను పూచీ పడి, జైలుకు పోకుండా తప్పించి, గడువు ముగిసేవరకు వారి మంచిచెడ్డలు చూసుకొని, తిరిగి న్యాయమూర్తి ఎదుట నిలబెట్టే పద్ధతిని ఇతడు 1841లో ప్రారంభించాడు. ఈ కారణంగా ఇతనిని ప్రొబేషన్ పితామహుడు అంటారు. మద్యపానం, మాదకద్రవ్యాల వ్యసనపరుల కొరకు నేడు అమెరికాలో ఉన్న ప్రత్యేక న్యాయస్థానాలలో కేస్ మేనేజర్ అనే ఉద్యోగి చేసే పని చాలావరకు, ఇతడు జీతమేమీ లేకుండా పద్దెనిమిది సంవత్సరాల పాటు చేసిన పనియే.

తొలి జీవితం

అగస్టస్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని వోబర్న్‌లో 1785లో జన్మించాడు. యౌవనంలో సమీపంలోని లెక్సింగ్టన్‌కు చేరి బూట్లు కుట్టే పని నేర్చుకొన్నాడు. క్రమంగా తన ఇంటిలోనే ఒక తయారీశాలను నడిపే స్థితికి వచ్చాడు. ఆ ఇంటికి జోనాథన్ హారింగ్టన్ ఇల్లు అని పేరు. 1775లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన లెక్సింగ్టన్ మైదానాన్ని ఆనుకొని ఈ ఇల్లు ఉంది. చరిత్రలో రెండు వేర్వేరు కారణాలకు పేరొందిన ఇల్లు ఇది. అయితే చూడవచ్చేవారిలో ఎక్కువమందికి మొదటి కారణమే తెలుసు. 1820వ దశకం చివరకు అగస్టస్ బోస్టన్‌లో స్థిరపడ్డాడు. అతని దుకాణం పోలీసు కోర్టుకు దగ్గరలో ఉండేది.

ఆనాటి మసాచుసెట్స్‌లో నిత్యం త్రాగి తిరగడమే ఒక నేరం. అట్టివానిని పట్టుకొని వచ్చి, విచారించి, హౌస్ ఆఫ్ కరెక్షన్ అనే దిద్దుబాటు గృహానికి పంపేవారు. పేరు దిద్దుబాటు గృహమే గాని ఆచరణలో అది జైలే. శిక్ష ముగిసి బయటికి వచ్చినవాడు పని దొరకక, పరువు పోయి, మరల సారా దుకాణానికే చేరేవాడు. కొన్నాళ్ళకు తిరిగి అదే కోర్టుకు వచ్చేవాడు.

1840లో బాల్టిమోర్ నగరంలో ఆరుగురు త్రాగుబోతులు తమంతట తాము త్రాగుడు మాని, తోటి త్రాగుబోతులను మాన్పించడానికి ఒక సంఘం పెట్టుకొన్నారు. జార్జి వాషింగ్టన్ పేరు మీద దీనికి వాషింగ్టన్ సంపూర్ణ మద్యపాన వర్జన సంఘం అని పేరు పెట్టారు. అంతకు ముందున్న మద్యపాన వ్యతిరేక సంఘాలు త్రాగనివారిని త్రాగకుండా కాపాడటమే ప్రధానంగా పనిచేసేవి. త్రాగుడుకు లోబడినవానిని చెడిపోయినవాడుగా లెక్కించి వదిలివేసేవి. వాషింగ్టన్ సంఘీయులు ఆ వదిలివేసినవాని దగ్గరికే వెళ్ళారు. మరుసటి సంవత్సరం ఈ ఉద్యమం బోస్టన్‌కు వ్యాపించగా అగస్టస్ అందులో సభ్యుడయ్యాడు.

1841 ఆగష్టు

1841 ఆగష్టులో ఒక ఉదయం అగస్టస్ పోలీసు కోర్టులో ఉండగా, లాకప్పు గది తలుపు తెరచి ఒక అధికారి చినిగిన బట్టలతో ఉన్న ఒక వ్యక్తిని తెచ్చి ముద్దాయిల బల్లపై కూర్చోబెట్టాడు. అతనిపై ఆరోపణ నిత్యం త్రాగి తిరుగుతున్నాడనే. నేరం రుజువైంది. శిక్ష చెప్పడానికి ముందు దొరికిన కొద్ది నిమిషాలలో అగస్టస్ అతనితో మాట్లాడాడు. చూపులకు ఆశ లేకపోయినా మాటలను బట్టి ఇతడు బాగుపడగలడని తోచింది. జైలు తప్పిస్తే ఇక త్రాగనని ఆ మనిషి మాట ఇచ్చాడు. న్యాయమూర్తి అనుమతితో అగస్టస్ పూచీ పడ్డాడు. మూడు వారాల తరువాత శిక్ష కొరకు హాజరు కావాలన్నది షరతు. బయటికి వచ్చిన ముద్దాయి త్రాగనని ప్రతిజ్ఞాపత్రంపై సంతకం చేశాడు.

మూడు వారాల తరువాత వచ్చిన మనిషిని కోర్టులో ఎవరూ వెంటనే పోల్చుకోలేకపోయారు. న్యాయమూర్తి అతనికి ఒక సెంటు జరిమానా విధించాడు. కోర్టు ఖర్చులతో కలిపి మొత్తం 3 డాలర్ల 76 సెంట్లు కాగా, ఆ వ్యక్తి అక్కడికక్కడే చెల్లించాడు.

1842 జనవరి మొదటి తేదీ నాటికి ఇటువంటివారు పదిహేడుగురయ్యారు. అందరికీ అదే జరిమానా పడింది. ఖర్చులతో కలిపి మొత్తం 60 డాలర్ల 87 సెంట్లు. పదకొండుగురు తామే కట్టుకొన్నారు. చేతిలో డబ్బులేని మిగిలిన ఆరుగురి సొమ్మును అగస్టస్ తన జేబు నుండి కట్టాడు.

పని పద్ధతి

దోషిని హామీపై విడిచిపెట్టడం అగస్టస్ కనిపెట్టినది కాదు. బోస్టన్‌లోనే 1830లో న్యాయమూర్తి పీటర్ ఆక్సెన్‌బ్రిడ్జ్ థాచర్, నేరం ఒప్పుకొన్న జెరూషా చేజ్ అనే యువతికి శిక్ష వేయకుండా హామీపత్రం వ్రాయించుకొని విడిచిపెట్టాడు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ డావెన్‌పోర్ట్ హిల్ అనే న్యాయాధికారి కూడా 1841 ప్రాంతంలోనే బాలనేరస్థులను తగిన పెద్దల చేతికి అప్పగించసాగాడు. దయగల న్యాయమూర్తులు ఏ కాలంలోనైనా ఉంటారు. విడిచిపెట్టిన నాటికి, తిరిగి పిలిచిన నాటికి నడుమ ఆ మనిషికి ఏం జరగాలి అన్న ప్రశ్నను పట్టించుకొని, ఆ నడిమి కాలాన్ని తన పనిగా చేసుకోవడమే అగస్టస్ ప్రత్యేకత.

అతడు అడిగిన ప్రతివానికీ పూచీ పడేవాడు కాదు. ముఖ్యంగా మొదటిసారి నేరం చేసినవారిని ఎంచుకొనేవాడు. వారి పూర్వ ప్రవర్తన, వయస్సు, విడుదలయ్యాక ఎవరి మధ్య బ్రతకవలసి ఉంటుంది అన్నవి విచారించేవాడు. పూచీ పడిన తరువాత కొందరిని తన ఇంటికే తీసుకొనిపోయి అన్నం పెట్టి, బట్టలు ఇచ్చేవాడు. పెద్దవారికి పని, పిల్లలకు బడి చూసేవాడు. వారి నడతను గమనిస్తూ, కోర్టు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్లు నివేదిక ఇచ్చేవాడు. ప్రతి వ్యక్తి వివరాలూ ఒక పుస్తకంలో జాగ్రత్తగా వ్రాసిపెట్టుకొనేవాడు. పాఠశాలలో హాజరుపట్టీ నడిపినవారికి ఈ చివరి పని విలువ తెలుస్తుంది. ఎవడు రాలేదో తెలియాలంటే ముందు ఎవరెవరు రావాలో వ్రాసి ఉండాలి.

1843 నుండి ఇతడు పిల్లల తరఫున కూడా పూచీ పడసాగాడు. దొంగతనం నేరంపై వచ్చిన ఎనిమిది, పదేళ్ళ ఆడపిల్లలు ఇద్దరు, పదకొండేళ్ళ బాలుడొకడు ఇందులో మొదటివారు. 1847లో ఏడు నుండి పదిహేను సంవత్సరాల వయస్సు గల పందొమ్మిదిమంది బాలురను విడిపించాడు. వీరి కేసులను కోర్టు ఒక్కసారిగా ముగించక నెలనెలా వాయిదా వేసింది. ప్రతి నెలా అగస్టస్ హాజరై వారి సంగతి చెప్పేవాడు. ఐదారు నెలలు ఇట్లా గడిచిన తరువాత పన్నెండుమందిని ఒకేసారి కోర్టుకు తెచ్చి చూపించాడు. ఈ పరీక్షాకాలానికి అతడు వాడిన మాటే ప్రొబేషన్. పరీక్షించడం, రుజువు చేయడం అనే అర్థంగల లాటిన్ మాట దీనికి మూలం.

వ్యతిరేకత

ఈ పనిని అందరూ మెచ్చుకొన్నారనుకొంటే పొరపాటు. కోర్టు గుమాస్తాలు, పోలీసులు, జైలు కాపలాదారులు ఇతనిని అడుగడుగునా అడ్డుకొన్నారు. దీని వెనుక డబ్బు ఉంది. త్రాగుబోతును దిద్దుబాటు గృహానికి చేర్చినందుకు సంబంధిత అధికారికి 62 నుండి 75 సెంట్ల వరకు రుసుము ముట్టేది. అగస్టస్ పూచీ పడితే అది దక్కదు. జైలుకు పంపినవానికి ప్రతిఫలం, పంపకుండా ఆపినవానికి చేతి ఖర్చు అన్నమాట. నేరస్థులను శిక్ష తప్పిస్తున్నాడనీ, ఇందులో ఏదో స్వలాభం ఉందనీ నిందలు కూడా వచ్చాయి.

నిజానికి రోజులో ఎక్కువ భాగం కోర్టులోనే గడవడంతో బూట్ల వ్యాపారం దెబ్బతిన్నది. తరువాతి కాలంలో దాతలిచ్చిన విరాళాలపైనే ఈ పని నడిచింది. విమర్శకులకు సమాధానంగా, దాతలకు లెక్క చెప్పడానికిగా తన పదేళ్ళ కృషిని వివరిస్తూ 1852లో ఒక నివేదికను ప్రచురించాడు. అతని గురించి నేడు తెలిసిన విషయాలలో చాలావాటికి ఆ నివేదికే ఆధారం.

1858 నాటికి ఇతడు 1,946 మందికి పూచీ పడ్డాడు. వీరిలో పురుషులు 1,152, స్త్రీలు 794. కోర్టుకు రాకుండా ఎగవేసినవారు పదిమంది మాత్రమేనని చెప్తారు. ఈ లెక్కలను కొంత జాగ్రత్తగా చూడాలి. బాగుపడతారని తోచినవారినే ఎంచుకొన్నప్పుడు ఫలితం బాగుండటంలో ఆశ్చర్యం లేదు. పైగా లెక్క వ్రాసినవాడూ, పని చేసినవాడూ ఒక్కడే. కోర్టుకు తిరిగి రావడం వేరు, జీవితాంతం త్రాగకుండా ఉండటం వేరు. అయినప్పటికీ, జైలుకు పోవలసిన దాదాపు రెండువేలమందికి ఒక సామాన్య వ్యాపారి పూచీ పడటం, న్యాయస్థానం అతని మాటను నమ్మడం చిన్న విషయం కాదు.

అగస్టస్ 1859 జూన్ 21న బోస్టన్‌లో మరణించాడు.

తరువాతి కాలం

అతని మరణం తరువాత కొంతకాలం స్వచ్ఛంద సేవకులు ఈ పని కొనసాగించారు. 1878లో మసాచుసెట్స్ శాసనసభ, జీతంపై ప్రొబేషన్ అధికారిని నియమించే అధికారాన్ని బోస్టన్ మేయరుకు ఇచ్చింది. అట్లా నియమితుడైన మొదటి అధికారి ఎడ్వర్డ్ సావేజ్, అంతకు మునుపు నగర పోలీసు ప్రధానాధికారి. అగస్టస్‌ను అడ్డుకొన్న శాఖవారి చేతికే అతని పని వచ్చిందన్నమాట. 1891 చట్టంతో ఈ పద్ధతి రాష్ట్రమంతటా వచ్చింది. 1925లో అమెరికా సమాఖ్య న్యాయస్థానాలకు కూడా ప్రొబేషన్ చట్టం చేశారు.

కాలక్రమేణా ఒక్కొక్క అధికారి క్రింద ఉండే వ్యక్తుల సంఖ్య పెరిగి, పని కాగితాలకే పరిమితమయ్యే ప్రమాదం ఏర్పడింది. మాదకద్రవ్యాల కేసులు విపరీతంగా పెరిగిన దశలో, 1989లో ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీలో మొదటి మాదకద్రవ్యాల న్యాయస్థానం ఏర్పడింది. ఇక్కడ ముద్దాయి చికిత్సకు ఒప్పుకొంటాడు. తరచుగా న్యాయమూర్తి ఎదుటికి వస్తాడు. మూత్ర పరీక్షలు జరుగుతాయి. ఇటువంటి కోర్టులలో కేస్ మేనేజర్ చికిత్సాలయం, ఇల్లు, ఉద్యోగం, కోర్టు వీటన్నిటినీ కలుపుతూ ప్రతి వాయిదాకు పరిస్థితిని తెలియజేస్తాడు. 1847లో నెలనెలా జరిగిన వాయిదాలకూ దీనికీ పోలిక స్పష్టం. అగస్టస్ వద్ద లేనిది వైద్యం. త్రాగుడును అతడు ప్రతిజ్ఞతో, పనితో, మంచి సహవాసంతో మానగల అలవాటుగానే చూశాడు. ప్రతిజ్ఞ తప్పినవానిని మరల చేర్చుకొనే నేటి విధానం వైద్యశాస్త్రం నుండి వచ్చింది.

భారతదేశంలో

మొదటిసారి నేరం చేసినవారిని హామీపై విడిచే వీలు 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 562వ సెక్షన్‌లో ఉండేది. నాటి మద్రాసు రాష్ట్రం 1936లో ప్రత్యేకంగా ప్రొబేషన్ చట్టం చేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. 1958లో దేశమంతటికీ నేరస్థుల ప్రొబేషన్ చట్టం వచ్చింది. ముద్దాయి ఇంటి పరిస్థితులు విచారించడం, నడతను గమనించడం, అవసరమైతే తగిన పని చూపించడానికి ప్రయత్నించడం ప్రొబేషన్ అధికారి విధులని ఈ చట్టం 14వ సెక్షన్ చెప్తుంది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం, మాదకద్రవ్యం వాడిన నేరంలో గాని, స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరంలో గాని దోషిగా తేలిన వ్యసనపరునికి కోర్టు వెంటనే శిక్ష వేయనవసరం లేదు. అతని సమ్మతితో, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో చికిత్స కొరకు విడుదల చేయవచ్చు. అతడు హామీపత్రం వ్రాసి ఇచ్చి, ఒక సంవత్సరానికి మించని గడువులోపల కోర్టుకు హాజరై చికిత్స ఫలితంపై నివేదికను సమర్పించాలి.