థామస్ అడిసన్ – అధివృక్క గ్రంథులు

ముందు పాఠంలో మీరు వినాళ గ్రంథుల గురించి చదివారు. ఇవి తమ స్రావాలను నాళాల ద్వారా కాకుండా నేరుగా రక్తంలోకి వదులుతాయి. వీటిలో ఒక జత మన మూత్రపిండాల మీద టోపీల్లాగా కూర్చుని ఉంటుంది. ఒక్కొక్కటి సుమారు 4, 5 గ్రాముల బరువు మాత్రమే. వృక్కం అంటే మూత్రపిండం. దానిపైన ఉంటాయి కాబట్టి వీటిని అధివృక్క గ్రంథులు అంటారు. ఇటలీకి చెందిన యూస్టాకీ అనే వైద్యుడు 16వ శతాబ్దంలోనే వీటిని వర్ణించాడు. అయినా దాదాపు 300 ఏళ్లపాటు అవి ఏం పని చేస్తాయో ఎవరికీ తెలియలేదు. ఆ రహస్యానికి మొదటి తలుపు తెరిచిన వైద్యుడు థామస్ అడిసన్. విద్యుద్దీపంతో పేరు పొందిన ఎడిసన్ వేరు, ఈయన వేరు. పేర్లు దగ్గరగా ఉన్నాయి కాబట్టి పొరబడకండి.

అడిసన్ 18వ శతాబ్దం చివరలో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణం దగ్గర ఉన్న లాంగ్ బెంటన్ గ్రామంలో పుట్టారు. తండ్రి పచారీ కొట్టు, పిండి వ్యాపారం నడిపేవారు. అడిసన్ ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదివి 1815లో వైద్య పట్టా తీసుకున్నారు. ఆ తర్వాత లండన్ చేరి గైస్ ఆసుపత్రిలో స్థిరపడ్డారు. పట్టా చేతికి వచ్చినా, అక్కడ మళ్లీ విద్యార్థిగానే మొదలుపెట్టారు. 1824లో సహాయ వైద్యుడయ్యారు, 1837లో పూర్తిస్థాయి వైద్యుడయ్యారు. ఆయన పాఠాలు వినడానికి విద్యార్థులు ఆసక్తితో వచ్చేవారు. మనిషి మాత్రం బిగువుగా, గర్విష్ఠిగా కనిపించేవారు. నిజానికి అది గర్వం కాదు, బిడియం. నలుగురిలో మాట్లాడాలంటే లోలోపల బెదిరే స్వభావం ఆయనది.

ఆయన పద్ధతి ఎలాంటిదో చూడండి. రోగి బతికి ఉన్నప్పుడు మంచం పక్కన నిలబడి ప్రతి లక్షణాన్నీ రాసుకునేవారు. రోగి చనిపోతే శవపరీక్షలో ఏ అవయవం చెడిందో చూసేవారు. తర్వాత ఆ రెండింటినీ కలిపి ఆలోచించేవారు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు లేని కాలం అది.

కొందరు రోగులు ఆయనను బాగా కలవరపెట్టారు. వారికి పెద్ద నొప్పి ఏమీ ఉండదు. నీరసం రోజురోజుకూ పెరుగుతుంది. ఆకలి పోతుంది, వాంతులు అవుతాయి, నాడి బలహీనంగా కొట్టుకుంటుంది. తెల్లని చర్మం పొగ పట్టినట్లు నల్లబడుతుంది. చివరకు దీపం కొండెక్కినట్లు ప్రాణం పోతుంది. శవపరీక్షలో అధివృక్క గ్రంథులు పాడై కనిపించేవి. 1849లో ఆయన ఒక రకం రక్తహీనత గురించి వైద్యుల సభలో చెబుతూ మొదటిసారి ఈ విషయం ప్రస్తావించారు. తర్వాత 1855లో 11 మంది రోగుల వివరాలతో, రంగుల బొమ్మలతో ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. వారిలో కొందరి గ్రంథులను క్షయ, మరికొందరి గ్రంథులను కాన్సర్ దెబ్బతీశాయి.

ఆ రక్తహీనత సంగతి కూడా ఇక్కడే చెప్పుకుందాం. దానికీ అడిసన్ పేరే ఉంది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో కాలేయ సారంపై పరిశోధన చేసింది దాని మందు కోసమే. అయితే అది అధివృక్క గ్రంథి వ్యాధి కాదు, బి-12 విటమిన్ లోపం వల్ల వచ్చేది. రెండింటినీ కలపకండి.

అడిసన్ పుస్తకాన్ని స్వదేశంలో చాలామంది నమ్మలేదు. పారిస్ వైద్యుడు ట్రూసో మాత్రం ఆ జబ్బుకు అడిసన్ వ్యాధి అని పేరు పెట్టారు. 1856లో బ్రౌన్-సెకార్ అనే శాస్త్రజ్ఞుడు జంతువుల అధివృక్క గ్రంథులు తీసివేసి చూస్తే అవి చనిపోయాయి. అంటే ఆ గ్రంథులు లేకుండా ప్రాణం నిలవదన్నమాట. అప్పటికే అడిసన్‌ను మానసిక కుంగుబాటు పట్టి పీడిస్తోంది. 1860లో ఆసుపత్రి పని మానేశారు. అదే ఏడాది జూన్ 29న బ్రైటన్ పట్టణంలో తన ప్రాణం తానే తీసుకున్నారు. ఎందరి జబ్బులనో గుర్తించిన వైద్యుడి జబ్బుకు ఆనాడు సరైన చికిత్స లేదు. హార్మోను అనే మాట కూడా అప్పటికి పుట్టలేదు.

మరి ఈ గ్రంథులు చేసే పని ఏమిటి? అధివృక్క గ్రంథిలో రెండు భాగాలు ఉంటాయి. లోపలి భాగం దవ్వ. భయం, కోపం కలిగినప్పుడు అది అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. రోడ్డు మీద ఎద్దు తరిమితే మీ గుండె దడదడలాడేది దీనివల్లనే. జపాన్ శాస్త్రజ్ఞుడు టకమినె 1901లో దీనిని శుద్ధిచేసిన సంగతి ప్రకటించారు. దవ్వలో కణితి పుడితే రక్తపోటు ఉన్నట్టుండి పెరిగిపోతుంది.

బయటి భాగం వల్కలం. ప్రాణానికి ముఖ్యమైనది ఇదే. దీనిలోని ఆల్డోస్టిరోన్ శరీరంలో ఉప్పును నిలుపుతుంది. కార్టిసాల్ రక్తంలో చక్కెర తగ్గకుండా చూస్తుంది, జ్వరం, గాయం వంటి కష్టాలను తట్టుకునే శక్తినిస్తుంది. ఇవి లోపిస్తే ఉప్పు మూత్రంలో పోతుంది, రక్తపోటు పడిపోతుంది. పీయూష గ్రంథి వల్కలంతో పని చేయించాలని తన హార్మోనును అదే పనిగా వదులుతుంది. చర్మం నల్లబడేది ఆ హార్మోను వల్లనే. కార్టిసాల్ ఎక్కువైతే మరో జబ్బు వస్తుంది. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట పెరుగుతుంది, కాళ్లూ చేతులూ సన్నబడతాయి. దానిని కుషింగ్ సిండ్రోమ్ అంటారు.

ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. మీరు సూరత్ జిల్లా పల్సానాలో బట్టల మిల్లులో పనిచేస్తూ ఈ పాఠం చదువుతున్నారనుకుందాం. తోటి కార్మికుడు నెలనెలకూ చిక్కిపోతున్నాడు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. ఉప్పు అడిగి మరీ తింటున్నాడు. మిల్లు వేడికి నీరసం వచ్చిందని అందరూ అనుకుంటారు. చామనఛాయ మనిషి నల్లబడితే ఎవరికి అనుమానం వస్తుంది? అందుకే వైద్యులు చిగుళ్లు, బుగ్గల లోపలి భాగం, అరచేతి గీతలు, పాత మచ్చలు చూస్తారు. అతనికి గతంలో క్షయ వచ్చిందా అని కూడా అడుగుతారు. మన దేశంలో ఈ గ్రంథులను చెరిచే కారణాల్లో క్షయ ఇప్పటికీ ఒకటి.

కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ అనే ముగ్గురికి వల్కలం హార్మోనులపై చేసిన పరిశోధనకు 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. అడిసన్ వార్డులో చనిపోయిన రోగి వంటివాడు నేడు రోజూ హార్మోను మాత్రలు వేసుకుంటూ పని చేసుకోగలడు. జ్వరం, వాంతులు వచ్చినప్పుడు మాత్రం వెంటనే వైద్యునికి చూపించుకోవాలి. అప్పుడు మోతాదు పెంచాల్సి వస్తుంది, ఒక్కోసారి ఇంజెక్షన్ కూడా అవసరమవుతుంది. ఇంకో సంగతి. ఉబ్బసానికో కీళ్లనొప్పులకో నెలల తరబడి స్టిరాయిడ్ మాత్రలు వాడేవారిలో సొంత గ్రంథులు నిద్రపోతాయి. అలాంటివారు మాత్రలను ఒక్కసారిగా ఆపితే అడిసన్ రోగికి వచ్చిన నీరసమే వారికీ రావచ్చు, ప్రాణాపాయం కూడా కలగవచ్చు. అందుకే వైద్యులు వాటిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు.