ప్లాస్టిక్ పేరు పెట్టుకున్న అమ్మాయి

మన గోడపత్రిక తలకట్టు మీద అంటించిన అక్షరాలు థర్మాకోల్‌తో కోసినవి. ఆ థర్మాకోల్ అసలు పేరు పాలీస్టైరీన్. కొత్త టీవీ పెట్టెలో అటూ ఇటూ దూర్చే తెల్ల దిమ్మలూ అదే. వాడుకుంటాం, పారేస్తాం. 1976లో లండన్‌లో పంతొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకరు టెలిఫోన్ డైరెక్టరీ తిరగేసి, వెతికి వెతికి ఈ పేరే తనకి పెట్టుకుంది. పాలీ స్టైరీన్. పాటలు పాడేవాళ్ళని కంపెనీలు బొమ్మల్లా తయారుచేసి, అమ్మి, మోజు తీరాక పారేస్తాయి కదా, అలాంటప్పుడు తనకి ఇంతకన్నా సరైన పేరు ఏముంటుందని ఆమె వేళాకోళం.

పాటగాళ్ళ జీవితాలంటే మనం త్యాగయ్య గురించో, సుబ్బులక్ష్మిగారి గురించో రాస్తుంటాం. ఈ సంచికకి నేను ఒక పంక్ గాయనిని ఎంచుకున్నాను. పంక్ అంటే తెలియనివాళ్ళకి రెండు మాటలు. 1970ల నడిమికల్లా రాక్ సంగీతం పెద్ద వ్యాపారం అయిపోయింది. ఒక్కో పాట పావుగంట, ఒక్కో కచేరీకి లారీల కొద్దీ సామాను. మామూలు పిల్లలు దూరం నుంచి చూసి చప్పట్లు కొట్టాల్సిందే. అప్పుడు బ్రిటన్‌లో పని దొరకనివాళ్ళ లెక్క పది లక్షలు దాటింది. ఆ కోపంలోంచి పంక్ వచ్చింది. గిటారు మీద మూడు పట్లు వస్తే చాలు, పాట రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి, గొంతు తీయగా ఉండక్కర్లేదు. చెప్పడానికి ఏదో ఒకటి ఉంటే సరి.

పాలీ స్టైరీన్ అసలు పేరు మరియాన్ జోన్ ఎలియట్ సయీద్. 1957 జూలై 3న ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతంలోని బ్రామ్లీలో పుట్టింది. తల్లి తెల్లజాతి ఆవిడ, లాయర్ల ఆఫీసులో సెక్రటరీ. తండ్రి సోమాలియా మనిషి. ఇద్దరూ కలిసి ఉండలేదు. తల్లి ఒక్కతే సంపాదిస్తూ పిల్లల్ని దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో పెంచింది. కరీబియన్ దీవులనుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా ఉండే పేట అది. తెల్లపిల్లలకి ఈమె నల్లగా కనిపించేది, నల్లపిల్లలకి తెల్లగా కనిపించేది. రెండు వైపులా మాటలు పడేవే. చిన్నప్పటినుంచి అద్దంలో చూసుకుంటే, నేను ఎవరిని అన్న ప్రశ్న ఆమెకి తప్పలేదు.

ఈ ముక్క చదివినప్పుడు నేను కాస్త ఆగాను. మా ఇంట్లో అమ్మ వైపు తెలుగు, నాన్న వైపు తమిళం. నేను తెలుగు మాట్లాడితే ఆంధ్రా బంధువులు మా యాసకి నవ్వుతారు. తమిళం మాట్లాడితే ఇక్కడి బస్సులో, మీరు తెలుగువాళ్ళా అని అడుగుతారు. దీన్ని ఆమె పడ్డదానితో పోల్చను. ఒంటి రంగు మీద పడే మాట వేరు, యాస మీద పడే మాట వేరు. కానీ నువ్వు ఏ పక్క అని ఎవరైనా అడిగితే జవాబు వెంటనే నోటికి రాకపోవడం ఎలా ఉంటుందో మన డిపార్ట్‌మెంట్‌లో చాలామందికి తెలుసనుకుంటా.

పదిహేనేళ్ళకే మరియాన్ మూడు పౌండ్లు జేబులో పెట్టుకుని ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. దారిన పోయే బండ్లు ఆపి ఎక్కుతూ, హిప్పీల పాటల పండగలు ఒకదాని తర్వాత ఒకటి తిరిగింది. తుప్పుపట్టిన మేకు ఒకటి కాల్లో దిగి, రక్తం విషమయ్యేదాకా వచ్చాక ఆ తిరుగుడు ఆగింది. 1976లో మరీ ఎలియట్ అన్న పేరుతో ఒక రెగే పాట రికార్డు చేసింది. రెగే అంటే జమైకా సంగీతం, బ్రిక్స్‌టన్ వీధుల్లో పగలూ రాత్రీ మోగేదే. ఆ రికార్డు ఎవరికీ పట్టలేదు.

అదే ఏడు జూలై 3, తన పంతొమ్మిదో పుట్టినరోజు. సముద్రపొడ్డున హేస్టింగ్స్ అనే ఊళ్ళో సెక్స్ పిస్టల్స్ అనే బృందం వాయిస్తుంటే చూసింది. అప్పటికి వాళ్ళు ఇంకా పెద్ద పేరున్నవాళ్ళు కారు. హాల్లో జనం కూడా అంతంతమాత్రమే. తన వయసు పిల్లలు సొంత పాటలతో వేదికెక్కడం చూసి, ఈ పని నేనూ చెయ్యగలను అనుకుంది. సంగీత పత్రికల్లో ప్రకటన ఇచ్చి మనుషుల్ని పోగుచేసింది. ఆ బృందం పేరు ఎక్స్-రే స్పెక్స్. పిల్లల పత్రికల వెనక అట్టల మీద ప్రకటనలు వచ్చేవి, గోడల అవతల కూడా కనిపించే మాయ కళ్ళజోడు అని. ఆ కళ్ళజోడు పేరే ఇది.

అందులో లోరా లాజిక్ అనే అమ్మాయి శాక్సఫోన్ వాయించేది. ఇంకా స్కూలు వయసే. పంక్‌లో శాక్సఫోన్ ఎవరూ అనుకోనిది. మొదటి రికార్డు తర్వాత లోరా బృందంలో లేదు. ఆమె స్థానంలో వేరే అతను వచ్చాడు. కానీ గిటార్ల రొదలోంచి కోసుకుంటూ వచ్చే ఆ శాక్సఫోనే ఇప్పటికీ ఈ బృందం గుర్తు.

ఇక పాలీ వేషం. పళ్ళకి క్లిప్పులు. గిరజాల జుట్టు. పాత బట్టల కొట్లో కొన్న గౌనులు, కళ్ళు జిగేల్మనే ప్లాస్టిక్ రంగులు, ఒక్కోసారి సైనికుల ఇనుపటోపీ. కింగ్స్ రోడ్డు బజారులో తనే ఒక చిన్న కొట్టు పెట్టి అలాంటి బట్టలు, ప్లాస్టిక్ నగలు అమ్మేది కూడా. అప్పట్లో పాటలు పాడే ఆడవాళ్ళు నాజూగ్గా, మెరిసిపోతూ కనబడాలని కంపెనీల లెక్క. ఈమె క్లిప్పులు కనబడేట్టు నోరంతా తెరిచి అరిచేది.

1977లో వచ్చిన మొదటి పాట ఓ బాండేజ్ అప్ యువర్స్. ఆడపిల్ల అణిగిమణిగి ఉండాలన్న పాత ఇంగ్లీషు సామెతని ముందు చిన్నపిల్ల గొంతుతో మెల్లగా చెప్తుంది, మరుక్షణమే గొంతు చించుకుని దాన్ని బద్దలు కొడుతుంది. సంకెళ్ళ గురించిన పాట అది. మగవాళ్ళు వేసేవే కాదు, బజారులో సరుకులు మనకి వేసే సంకెళ్ళు కూడా. ఆ పాట అమ్మకాల పట్టికలోకి ఎక్కలేదు. అయినా ఇప్పుడు పంక్ చరిత్ర ఎవరు రాసినా ఆ పాట లేకుండా రాయరు.

1978 నవంబరులో జర్మ్‌ఫ్రీ అడోలసెంట్స్ ఆల్బం వచ్చింది. ఆ ఏడే ఆమె పాటలు మూడు బ్రిటన్‌లో మొదటి ముప్ఫైలోకి వచ్చాయి. మిగతా పంక్ బృందాలు ప్రభుత్వాన్నీ రాణినీ తిడుతుంటే, పాలీ కిరాణా కొట్టుకేసి చూసింది. నైలాను తెరలు, ప్లాస్టిక్ సామాన్లు, కృత్రిమ రంగులు, క్రిములంటే భయంతో పదేపదే పళ్ళు తోముకునే అమ్మాయి. ఇవే ఆమె పాటల్లో వస్తువులు. ప్రకటనలు మనిషిని ఎట్లా తయారుచేస్తాయో ఆమె 21 ఏళ్ళకే పాట కట్టింది. ఐడెంటిటీ అనే పాటలో అద్దమూ, టీవీ తెరా, పత్రికా కలిసి మనిషికి తన మొహం తనకే తెలియకుండా చేస్తాయి. ఇది ఫోన్లు లేని కాలం పాట అని గుర్తుంచుకోండి.

ఆ రోజుల్లో బ్రిటన్‌లో నేషనల్ ఫ్రంట్ అనే పార్టీ నల్లవాళ్ళూ ఆసియావాళ్ళూ దేశం విడిచి పోవాలని ఊరేగింపులు తీసేది. దానికి ఎదురుగా రాక్ అగైనెస్ట్ రేసిజం అనే ఉద్యమం లేచింది. 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో వేలాదిమంది ముందు పెద్ద కచేరీ జరిగింది. క్లాష్, స్టీల్ పల్స్ లాంటి బృందాలతోపాటు ఎక్స్-రే స్పెక్స్ కూడా వాయించింది. పాలీ ఆ రోజు తలకి గుడ్డ చుట్టుకుని వేదికెక్కింది. గుడ్డ కింద గుండు. తనని అందాల బొమ్మని చెయ్యాలని చూస్తే గుండు గీసుకుంటానని అంతకుముందే చెప్పింది, అన్నంత పనీ చేసింది. మనకైతే తిరుపతి గుండు మామూలే, దేవుడికిచ్చే మొక్కు. అక్కడ పేరున్న గాయని గుండుతో నిలబడడం ఆ రోజుల్లో చూసినవాళ్ళని కుదిపేసింది.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే ఇది వీరగాథ అయిపోతుంది. అలా ఆపడం నాకిష్టం లేదు.

ఎందుకంటే ఆ గుండు వెనక సరదా ఒక్కటే లేదు. పాలీ మనసు అప్పటికే అలిసిపోయింది. రోజూ ప్రయాణాలు, పత్రికలవాళ్ళు, చూపులు. అదే ఏడు డాంకాస్టర్ అనే ఊళ్ళో కచేరీ అయ్యాక, కిటికీలోంచి ఆకాశంలో గులాబిరంగు వెలుగు ముద్ద ఒకటి కనబడిందని చెప్పింది. ఆస్పత్రిలో పెట్టారు. స్కిజోఫ్రీనియా అని తేల్చారు. అది తప్పు. ఆమెకున్నది బైపోలార్ డిజార్డర్. మనసు ఒకసారి ఆకాశానికి ఎగిరి, ఒకసారి పాతాళానికి పడే జబ్బు. ఆ సంగతి తేలేసరికి 1991 వచ్చింది. ఎన్నేళ్ళు తప్పు పేరు మోసిందో చూడండి. ప్లాస్టిక్ పేరు తనంతట తను పెట్టుకున్నది, నవ్వుతూ పెట్టుకున్నది. ఈ పేరు వేరేవాళ్ళు పెట్టింది.

1979లో బృందం వదిలేసింది. మరుసటి ఏడు ట్రాన్స్‌లూసెన్స్ అని ఒక ఆల్బం ఒంటరిగా చేసింది. అరుపులు లేని, మెత్తటి పాటలు. పంక్ అభిమానులకి నచ్చలేదు. 1981లో కూతురు పుట్టింది, పేరు సెలెస్ట్. తర్వాత పాలీ హరే కృష్ణ భక్తుల్లో చేరింది. లండన్ బయట వాట్‌ఫర్డ్ దగ్గర భక్తివేదాంత మేనర్ అనే పెద్ద బంగళా ఉంది. బీటిల్స్ జార్జ్ హారిసన్ 1973లో ఆ భక్తులకి ఇచ్చినది. కూతుర్ని తీసుకుని అక్కడికి వెళ్ళింది. చీర కట్టింది, కీర్తనలు పాడింది. సరుకుల లోకాన్ని పాటల్లో వెక్కిరించిన మనిషి, ఇప్పుడు ఆ లోకం నుంచే పక్కకి జరిగింది. నాకు ఈ రెండూ వేరు వేరు మనుషులు చేసిన పనుల్లా అనిపించవు.

కానీ జబ్బు ఆశ్రమం గేటు బయట ఆగదు. మందులు సరిగ్గా పడని తల్లి దగ్గర చిన్నపిల్ల పెరగడం ఎంత కష్టమో సెలెస్ట్ తర్వాత దాచకుండా చెప్పింది. కొన్నేళ్ళకి ఆ పిల్ల అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. తల్లీకూతుళ్ళ మధ్య దూరం చాలాకాలం ఉంది, పెద్దయ్యాక మెల్లగా దగ్గరయ్యారు. లోకానికంతా ధైర్యం చెప్పిన గొంతు ఇంట్లో ఒక చిన్నపిల్లకి ఆసరా కాలేకపోయింది. ఇది ఆమె నేరం అని నేను అనను, కానీ చెప్పకుండా వదిలేస్తే ఆ కూతురికి అన్యాయం.

1995లో పాత బృందం మళ్ళీ కలిసి కాన్షియస్ కన్స్యూమర్ అనే ఆల్బం తెచ్చింది. లోరా కూడా అందులో ఉంది. 2008లో లండన్ రౌండ్‌హౌస్‌లో నిండు హాల్లో పాలీ మళ్ళీ పాడింది. 2011 మార్చి నెలాఖరున కొత్త ఆల్బం జనరేషన్ ఇండిగో వచ్చింది. అప్పటికే రొమ్ము క్యాన్సర్ ఒళ్ళంతా పాకింది. ఆల్బం వచ్చిన నాలుగు వారాలకి, ఏప్రిల్ 25న చనిపోయింది. యాభైమూడేళ్ళు. నేను అప్పటికి ఇంకా పలక పట్టే వయసులో ఉన్నాను.

ఆమె వదిలి వెళ్ళింది ఏమిటి? ఎక్స్-రే స్పెక్స్ అసలు రోజుల్లో వచ్చింది ఒక్క ఆల్బం, కొన్ని విడి పాటలు. అంతే. కానీ 1990లలో అమెరికాలో రయట్ గర్ల్ అని అమ్మాయిల పంక్ ఉద్యమం వచ్చినప్పుడు, బికినీ కిల్ బృందం కాథ్లీన్ హానా లాంటివాళ్ళు దారి చూపించిన మనిషిగా పాలీ పేరు చెప్పారు. బ్రిటన్‌లో రంగు తక్కువని మాటలు పడిన అమ్మాయిలు, రాక్ వేదిక మీద తమలాంటి మొహం ఒకటి ఉండేదని ఆమెని చూసి తెలుసుకున్నారు. 2021లో సెలెస్ట్ తల్లి మీద ఒక డాక్యుమెంటరీ తీసింది, పాల్ సాంగ్‌తో కలిసి. తల్లి వదిలిపోయిన డైరీలు, కాగితాలు ముందేసుకుని, అభిమానం, కోపం రెండూ దాచకుండా తీసిన సినిమా అది.

నాకు ఆమె నుంచి అందిన మాట ఇది. చూసేవాళ్ళు మనకి ఏదో ఒక పేరు పెడుతూనే ఉంటారు. రంగు పేరు, యాస పేరు, జబ్బు పేరు. పాలీ కొన్ని పేర్లని వెక్కిరించి గెలిచింది, కొన్నిటి కింద నలిగింది. నలిగినప్పుడు కూడా పాట కట్టడం మానలేదు. గెలుపు ఒక్కటే చూసి ఆమెని మెచ్చుకోవడం సగం మెచ్చుకోవడమే.

వినాలనుకునే అక్కలకీ చెల్లెళ్ళకీ ఒక సలహా. మొదట ఐడెంటిటీ వినండి, మూడు నిమిషాలు కూడా ఉండదు. తర్వాత జర్మ్‌ఫ్రీ అడోలసెంట్స్, అది నెమ్మదైన పాట. ఆఖరున బాండేజ్ పాట. హాస్టల్లో అయితే హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి, వార్డెన్ మేడమ్ నిద్ర లేస్తారు.