నల్లమల చెరువు దారిలో వీరాస్వామయ్యగారు

ఏనుగుల వీరాస్వామయ్యగారి పేరు వినగానే మనకు కాశి స్ఫురిస్తుంది. ఆయన గ్రంథం పేరే కాశీయాత్ర చరిత్ర కదా! నా మట్టుకు మాత్రం, గంగాతీరంలో కంటె నల్లమల అడవిలో, పెద్దచెరువు మీదుగా శ్రీశైలానికి ఎక్కే దారిలోనే ఆయన స్వభావం తేటగా కనిపిస్తుంది.

వీరాస్వామయ్యగారు 1780 ప్రాంతంలో జన్మించినారు. బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకొన్నారు. పిన్నవయసుననే ఇంగ్లీషు నేర్చి, కొలువులో కుదిరి, స్వయంకృషితో చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రీటర్ అయినారు. ఒకరి మాటను మరొకరికి వంకర పోనీయక అందజేయడం ఆ ఉద్యోగధర్మం. ఆ ధర్మమే తరువాత ఆయన రచనకు అలవడింది. చూచినది చూచినట్లు చెప్పడం, తెలియనిదానికి రంగులు అద్దకపోవడం ఆయన పద్ధతి.

1830 మే 18వ తేదీ రాత్రి ఆయన చెన్నపట్టణం విడిచినారు. వెంట సుమారు నూరుమంది పరివారం, పల్లకీలు, బోయీలు, గుడారాలు. రైలు లేదు, నదులకు వంతెనలు లేవు. తిరుపతి, కడప, అహోబిలం చూచుకొని జూన్ మాసంలో శ్రీశైలయాత్రకు ఆత్మకూరు చేరినారు.

ఆనాటి దారి నేటి రోడ్డు కాదు. ఆత్మకూరు వైపునుండి నాగలూటి, అక్కడినుండి మెట్లెక్కి పెద్దచెరువు, పిమ్మట భీముని కొలను, చివరకు మల్లికార్జునుని సన్నిధి. ఈ కొండకు మెట్లు కట్టించిన పుణ్యం రెడ్డిరాజులలో ప్రోలయ వేమారెడ్డికి దక్కింది. ఎండుటాకుల అడవిలో ఎక్కి ఎక్కి అలసినవానికి కొండనడుమ చెరువు ఎదురుపడడం ఎటువంటి ఊరటో వేరే చెప్పనక్కరలేదు. నీరున్నచోటనే మజిలీ, నీరు లేనిచోట యాత్రే లేదు. భీముని కొలను దగ్గర లోతైన లోయలోనికి దిగి, మళ్ళీ అంత ఎత్తూ ఎక్కవలె. మా మణుగూరు చుట్టుపట్ల కోయగూడేలకు పోయే కాలిబాటలు ఎరిగినవారికి తెలుసు, అడవిలో ఒక కోసు మైదానంలో మూడు కోసులపెట్టు. ఆ అడవికి దిక్కు తెలిసినవారు చెంచులు. వారి తోడు లేక యాత్రికులు సురక్షితంగా పోవడం దుర్లభం.

ఇక్కడ ఒక మాట అనక తప్పదు. అయ్యగారు ఎంత శ్రమించినా, ఆ శ్రమలో పెద్దపాలు బోయీల భుజాలది. మజిలీలను, సత్రాలను, నీటివసతిని శ్రద్ధగా నమోదు చేసిన ఆ గ్రంథం మోసినవారి జీవితాలను అంతగా పట్టించుకొన్నది కాదు. ఆ కాలపు పెద్దమనిషికి అది వింతగా తోచి ఉండదు, మనకు తోచాలి.

అయితే ఆయన కళ్ళు మూసుకొని దేవుణ్ణి మాత్రం చూచి వచ్చినవారు కారు. శ్రీశైలం అప్పుడు కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది. యాత్రికులవద్ద పన్ను వసూలయ్యేది. ఆ సొమ్ములో ఆలయానికి, దారికి జరిగే ఖర్చు స్వల్పం. దర్శనానికి వచ్చిన పేదవాడు కొండ ఎక్కకమునుపే మూట విప్పవలసివచ్చే ఈ స్థితిని వీరాస్వామయ్యగారు దాచలేదు. కోర్టు ఉద్యోగి గనుక వసూలుకు, బాధ్యతకు ఉండవలసిన సంబంధం ఆయనకు బాగా తెలుసు. భక్తి ఆయన విమర్శకు అడ్డు రాలేదు, విమర్శ భక్తిని చెరపలేదు. ఆ నవాబు రాజ్యం 1839లో కుంపిణీవారి వశమైంది. దానిని చూడడానికి ఆయన లేరు.

కొండ దిగి ఆత్మకూరుకు మరలి, కృష్ణ దాటి, వనపర్తి మీదుగా హైదరాబాదు చేరినారు. అటుపైన నిర్మల, నాగపూరు, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా. తిరుగుదారి వేరు: జగన్నాథం, గంజాం, రాజమహేంద్రవరాలమీదుగా సముద్రతీరం వెంట వచ్చినారు. పోతూ ఎగువ గోదావరి, వస్తూ దిగువ గోదావరి దాటినారు కాని, నడుమనున్న మన భద్రాద్రి అడవులు ఆయన కంటబడలేదు. పడి ఉంటే ఆనాటి మన పల్లెల వృత్తాంతం కొంతైనా దక్కేది! 1831 సెప్టెంబరు 3న, పదిహేను మాసాలు దాటిన పిమ్మట, బయలుదేరిన పట్టణానికే చేరుకొన్నారు.

దారిపొడుగునా ఆయన సంగతులు వ్రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి పంపుతూవచ్చినారు. 1836లో వీరాస్వామయ్యగారు పరమపదించినారు. రెండేళ్ళకు, 1838లో, పిళ్ళెగారే ఆ వ్రాతలను అచ్చువేయించినారు. ఒక శతాబ్ది గడచినమీదట 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు విపులమైన పీఠికతో, వివరణలతో మళ్ళీ ప్రకటించకపోతే మన తరంవారికి ఆ గ్రంథం అందేదో లేదో.

నాగలూటి మెట్లు ఇప్పటికీ ఉన్నవి. శివరాత్రికి, ఉగాదికి ఆ అడవిదారి తెరుచుకొంటుంది. బస్సులున్నా కాదని వేలమంది, అందులో కన్నడదేశపు భక్తులు మెండుగా, నెత్తిన మూటలతో నడిచిపోతారు. పెద్దచెరువు వద్ద దిగి, కాళ్ళు కడుక్కొని, వంటకు పొయ్యి రాజేస్తారు.